నీడపట్టు మడిలో ఏ మొక్కకు ఏది తోడు

పెరట్లో మామిడిచెట్టు పక్కనో, ప్రహరీగోడ వారనో ఉన్న మడికి రోజుకు 3 నుంచి 6 గంటల ఎండ తగిలితే దాన్ని నీడపట్టు మడిగా లెక్కవేసుకోవచ్చు. టమాటా పక్కన బంతి వేయాలన్నట్టుగా తోడు మొక్కల గురించి సాధారణంగా వినిపించే సలహాలన్నీ రోజంతా ఎండ కాసే మళ్ళకు చెప్పినవే. వాటిని ఇక్కడ పాటిస్తే బంతి కాడలు సన్నగా సాగిపోయి సరిగా పూయవు, టమాటా ఏపుగా కనిపించినా కాపు ఉండదు. నీడలో తోడు కుదర్చాలంటే రెండు మొక్కల నీటి అవసరం ఒకటేనా, రెండూ ఒకే సమయంలో ఒకే చోటు కోసం పోటీ పడతాయా అన్నవే ముందుగా చూడవలసిన విషయాలు.

విత్తనం కొనడానికి ముందు ఎండ ఎప్పుడు, ఎటు నుంచి వస్తుందో గంట గంటకూ గమనించి రాసుకోవాలి. తూర్పు వైపు మడికి తగిలే ఉదయపు ఎండను లేత ఆకుకూరలు సైతం తట్టుకుంటాయి. పడమటి మడికి మధ్యాహ్నం తరువాత తగిలే ఎండ, గంటలు అంతే అయినా, వేసవిలో వాటిని మాడ్చేస్తుంది. ఇంటికి ఉత్తరాన ఉన్న మడి విషయంలో చాలామంది పొరబడతారు. విజయవాడ ప్రాంతంలో సుమారుగా మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం వరకు మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు కనుక, డిసెంబరులో నీడగా ఉన్న ఆ మడికే ఆ నెలల్లో ఎండ పడుతుంది.

మన వాతావరణంలో నీడపట్టుకు మూలస్తంభం పసుపు. మే చివర లేదా జూన్‌లో రెండంగుళాల లోతున, అడుగు ఎడంగా కొమ్ములు నాటితే, ఎనిమిది తొమ్మిది నెలలకు ఆకులు పండి ఎండిపోయాక తవ్వుకోవచ్చు. దీనికి తోడుగా కంద బాగా కుదురుతుంది: రెండింటి కాలం ఒకటే, రెండింటికీ తేమ కావాలి, నిలిచిన నీరు పడదు. అయితే కంద ఆకు గొడుగులా విచ్చుకుంటుంది కాబట్టి కనీసం రెండున్నర అడుగుల చోటు వదిలి, దానిని మడికి ఉత్తరపు అంచున పెట్టడం మంచిది. అల్లం కూడా నీడను ఇష్టపడేదే అయినా పసుపుకు తోడుగా సిఫారసు చేయలేను. దుంపకుళ్ళు తెగులు రెండింటికీ వస్తుంది. ఒకదానికి తగిలితే పక్కదానికి పాకడానికి ఎక్కువ రోజులు పట్టదు. అల్లం వేయాలనుకుంటే వేరే మడిలో, మట్టిని ఎత్తుగా పోసి వేయాలి. చేమ తడినేలను కోరుకుంటుంది గనుక దాన్ని కుళాయి నీరు పారే మూలకు పరిమితం చేయాలి, అల్లం దరిదాపుల్లోకి రానీయకూడదు.

కంద మొలక పైకి రావడానికి నెల పైనే పట్టవచ్చు. ఆ ఖాళీ నేలను కొత్తిమీరకు ఇవ్వాలి. ధనియాలను రెండు బద్దలయ్యేలా నలిపి, రాత్రంతా నానబెట్టి చల్లితే కంద ఆకు విచ్చుకునేలోపు ఒక కోత చేతికి వస్తుంది. పైగా ఎండ మడిలో వేసవి వేడికి తొందరగా పూతకు వచ్చేసే కొత్తిమీర ఇక్కడ కాస్త నిదానిస్తుంది. పాలకూర, పొన్నగంటికూర కూడా ఇలాంటి చోట ఫర్వాలేదు. తీగబచ్చలిని కంచె పక్కన పాకించుకోవచ్చు. గోంగూర, వంగ, మిరప, బెండ మాత్రం ఇక్కడ వద్దు. పుదీనా నీడలో హాయిగా పెరుగుతుంది, కానీ నేల మీద పాకే కాడలతో మడినంతా ఆక్రమిస్తుంది కాబట్టి కుండీలో నాటి ఆ కుండీనే అంచు వరకు మట్టిలో పూడ్చాలి.

పూల కోసం కనకాంబరం వేసుకోవచ్చు. కొద్దిపాటి నీడలో అది బాగానే పూస్తుంది. కానీ దాని వేళ్ళకు బుడిపెలు కట్టించే నులిపురుగులు పసుపునూ పట్టుకుంటాయి. రోజంతా ఎండ ఉన్నచోట వీటి అదుపుకు బంతి వేస్తారు, నీడలో ఆ ఉపాయం అంతగా సాగదు. అందువల్ల నాటేముందే మట్టిలో వేపపిండి కలిపి, పసుపుకూ కనకాంబరానికీ మధ్య రెండడుగుల ఎడం ఉంచడం మేలు. పీకిన మొక్క వేళ్ళకు బుడిపెలు కనిపిస్తే ఆ చోట వెంటనే మళ్ళీ కనకాంబరం వేయకూడదు.

అందానికి రంగురంగుల ఆకుల కెలాడియం మొక్కను పెట్టాలనుకునేవారు దాన్ని చేమకు దూరంగా పెట్టాలి. రంగులు కాస్త మసకబారిన కెలాడియం లేత ఆకును చేమాకుగా పొరబడి కోసే ప్రమాదముంది, అది తినదగినది కాదు.

చెట్టు కింద మడి అయితే పెద్ద వేళ్ళను నరకకుండా, వాటి మధ్య దొరికిన చోటనే గుంటలు తీయాలి. మొదలు చుట్టూ మట్టి ఎగదోస్తే బెరడు కుళ్ళుతుంది. రాలిన మామిడాకులను రెండు మూడంగుళాల మందాన పరిస్తే తేమ నిలుస్తుంది, అయితే వానాకాలంలో నత్తలు ఆ ఆకుల కిందే చేరతాయి. చీకటి పడ్డాక టార్చిలైటుతో వెళ్ళి వాటిని ఏరి, ఉప్పునీళ్ళ బకెట్‌లో వేయాలి. మొక్కల మొదట్లో మాత్రం ఉప్పు చల్లకూడదు. నీడలో తడి త్వరగా ఆరదు గనుక పైపొర మట్టిని వేలితో తాకి, పొడిగా ఉన్నప్పుడే, అదీ ఉదయం పూట నీరు పెట్టాలి.