పాయింట్ల ఇంజిన్‌కి టైమింగ్ పెడుతున్నారా? ముందు గ్యాప్ చూడండి

పాత కారు సరిగ్గా లాగడం లేదనో, స్టార్ట్ చేస్తే ఎదురు తన్నుతోందనో అనిపించగానే చాలామంది డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్‌లకి స్పార్క్ పంచే భాగం) బోల్ట్ వదులు చేసి అటూ ఇటూ తిప్పేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ముందు పాయింట్ గ్యాప్ (డిస్ట్రిబ్యూటర్ లోపల తెరుచుకుంటూ మూసుకుంటూ స్పార్క్ పుట్టించే రెండు కాంటాక్ట్‌ల మధ్య ఖాళీ), ఆ తర్వాతే టైమింగ్ (పిస్టన్ పైకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు స్పార్క్ పడాలన్నది). గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందే తెరుచుకుంటాయి, అంటే స్పార్క్ ముందుకు జరుగుతుంది. తగ్గితే వెనక్కి పోతుంది. ఒకసారి నేను సాయంత్రమంతా కూర్చుని టైమింగ్ పెట్టుకున్నాక, పాయింట్లు కాస్త దగ్గరగా ఉన్నాయనిపించి గ్యాప్ పెంచాను. మర్నాడు ఎత్తు ఎక్కుతుంటే ఇంజిన్ టకటకమని కొట్టుకోవడం మొదలుపెట్టింది. మళ్ళీ మొత్తం మొదటి నుంచి.

డిస్ట్రిబ్యూటర్ క్యాప్, దాని కింద తిరిగే రోటర్ తీసి పక్కన పెట్టండి. స్పార్క్ ప్లగ్‌లు కూడా తీసేస్తే పుల్లీ నట్ మీద స్పానర్ పెట్టి ఇంజిన్‌ని తేలిగ్గా తిప్పొచ్చు (ఇగ్నిషన్ ఆఫ్‌లోనే ఉండాలి). పాయింట్ల మడమ (క్యామ్‌కి ఒరుసుకునే కొస) క్యామ్ మీద, అంటే డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్‌కి ఉన్న మూలల మీద, బాగా ఎత్తైన చోటికి వచ్చినప్పుడు ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచటి బ్లేడు) పెట్టాలి. చాలా కార్లకి 0.4 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది గానీ మీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకే లెక్క. బ్లేడు లాగుతుంటే చేతికి కాస్త పట్టు తెలియాలి, అంతే, పాయింట్ కదలకూడదు. ఒక పాయింట్ మీద చిన్న మొటిమలాగా లేచి, ఎదురు దాని మీద గుంట పడి ఉంటే గేజ్ ఆ మొటిమ మీద ఆగి తప్పు చెబుతుంది, అప్పుడు కొలవడం దండగ, కొత్త సెట్ వేసేయండి. క్యామ్ మీద కొద్దిగా గ్రీజు తప్పనిసరి. లేకపోతే మడమ అరిగి గ్యాప్ తగ్గుతూ, టైమింగ్ మీకు తెలియకుండానే వెనక్కి జారుతూ పోతుంది.

ఇప్పుడు ఒకటో సిలిండర్. దాని ప్లగ్ రంధ్రం మీద వేలు పెట్టి ఇంజిన్‌ని అది మామూలుగా తిరిగే దిశలోనే తిప్పండి, గాలి వేలిని బయటికి నెట్టిందంటే పిస్టన్ కంప్రెషన్‌లో పైకి వస్తోందన్నమాట. పుల్లీ గుర్తు దాటి ముందుకెళ్తే అక్కడికక్కడే వెనక్కి తేవద్దు, టైమింగ్ చెయిన్‌లో ఉన్న లూజు వల్ల లెక్క తప్పుతుంది. బాగా వెనక్కి తిప్పి మళ్ళీ ముందుకి రండి. గుర్తుకి తెల్ల రంగు పూయండి. డిగ్రీల గీతలు లేకపోతే మీరే గీసుకోవచ్చు: 150 మి.మీ. వ్యాసం ఉన్న పుల్లీ అంచు మీద ఒక డిగ్రీ అంటే సుమారు 1.3 మి.మీ., పది డిగ్రీలంటే 13. కొన్ని ఇంజిన్ల పుల్లీలో మధ్యన రబ్బరు ఉంటుంది, అది పాతబడితే బయటి రింగు జారిపోయి గుర్తే అబద్ధం చెబుతుంది. అనుమానం ఉంటే పిస్టన్ నిజంగా పైన ఉందో లేదో చూసుకున్నాకే ముందుకెళ్ళండి.

ముందు ఇంజిన్ ఆగి ఉండగా పెడదాం. 12 వోల్ట్‌ల టెస్ట్ ల్యాంప్ ఒక వైరు కాయిల్ (స్పార్క్‌కి కావాల్సిన హై వోల్టేజ్ తయారుచేసేది) నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వచ్చే చోట, రెండోది బాడీకి తగిలించండి. పుల్లీని మాన్యువల్ చెప్పిన డిగ్రీ దగ్గర ఆపి, ఇగ్నిషన్ ఆన్ చేసి డిస్ట్రిబ్యూటర్‌ని మెల్లగా తిప్పితే పాయింట్లు విడిపోయిన క్షణంలో ల్యాంప్ వెలుగుతుంది. అక్కడే బిగించండి. రోటర్ తిరిగే దిశకి ఎదురుగా తిప్పితే టైమింగ్ ముందుకి, అదే దిశలో తిప్పితే వెనక్కి. పాయింట్లు మూసుకుని ఉండగా ఇగ్నిషన్ ఎక్కువసేపు ఆన్‌లో వదిలేస్తే కాయిల్ వేడెక్కిపోతుంది, జాగ్రత్త.

టైమింగ్ లైట్ (ప్రతి స్పార్క్‌కీ మెరిసి పుల్లీ గుర్తుని చూపించే లైటు) ఉంటే అన్నీ తిరిగి బిగించి, ఇంజిన్ బాగా వేడెక్కాక మళ్ళీ చూడండి. మాన్యువల్ వేరేలా చెప్పకపోతే డిస్ట్రిబ్యూటర్‌కి వచ్చే వ్యాక్యూమ్ పైపు ఊడదీసి దాని నోరు మూసి, అందులో చెప్పిన ఐడిల్ స్పీడ్‌లోనే చూడాలి. ఒక్క మాట: ఆ లైటు వెలుగులో తిరుగుతున్న ఫ్యాన్ ఆగి ఉన్నట్టు కనబడుతుంది, చేయి పెట్టారో అంతే సంగతులు.

తర్వాత రేజ్ చేయండి. 800 ఆర్‌పీఎంలో మిల్లీసెకనుకి క్రాంక్ ఐదు డిగ్రీల లోపే తిరుగుతుంది, 3000లో 18 డిగ్రీలు. మంట అంటుకోవడానికి టైమ్ పడుతుంది కాబట్టి స్పీడ్ పెరిగేకొద్దీ స్పార్క్ ముందుకి రావాలి. ఆ పని డిస్ట్రిబ్యూటర్ లోపలి బరువులది. గుర్తు నున్నగా జరిగి, ఐడిల్‌కి రాగానే తిరిగి తన చోటికి రావాలి. రాకపోతే బరువులు పట్టేశాయో, స్ప్రింగులు సాగాయో చూడండి. ఐడిల్‌లోనే గుర్తు గజగజ వణుకుతుంటే ముందు డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ బుష్‌ని అనుమానించండి.

చివరి తీర్పు రోడ్డుదే. వ్యాక్యూమ్ పైపు మళ్ళీ తగిలించి, టాప్ గేర్‌లో తక్కువ స్పీడ్‌లో వెళ్తూ యాక్సిలరేటర్ తొక్కండి. లోడ్ మీద నాకింగ్ (ఆ టకటక చప్పుడు) వినిపిస్తే ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి తేవాల్సిందే, మాన్యువల్ అంకె ఏదైనా సరే, ఎందుకంటే ఆ దెబ్బలు పడేది పిస్టన్ల మీద. మరీ వెనక్కి తెచ్చినా ఇంజిన్ మొద్దుగా లాగుతూ వేడెక్కుతుంది. కొత్త పాయింట్లు వేసి ఉంటే మడమ మొదట్లో కాస్త ఎక్కువే అరుగుతుంది, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక గ్యాప్ మళ్ళీ కొలిచి, టైమింగ్ కూడా ఇంకోసారి చూడండి.