బలమంతా పెట్టినా గోల్ఫ్‌లో డ్రైవర్ స్పీడ్ రావట్లేదా?

సమస్య: ఊపిరి బిగబట్టి కొడుతున్నారు, బంతి మాత్రం అక్కడక్కడే పడుతోంది.

ముందు చిన్న పరీక్ష. డ్రైవర్‌ని (బంతిని దూరం కొట్టే పొడవాటి క్లబ్‌ని, అంటే గోల్ఫ్ కర్రని) తలకిందులు చేసి, క్లబ్‌హెడ్ (బంతికి తగిలే తల) దగ్గర షాఫ్ట్ (కర్ర కాడ) పట్టుకుని గాల్లో ఊపండి. 'ఝుయ్'మనే చప్పుడు ఎక్కడొస్తోంది? కుడి భుజం పక్కనే వినిపిస్తే, స్పీడ్ బంతి దాకా రాకముందే ఖర్చయిపోతోందన్నమాట. బంతి ఉండే చోటుకి వచ్చాకే వినిపించాలి. (కుడిచేతివాటం లెక్కలో చెబుతున్నా, ఎడమచేతివాటం వాళ్లు తిరగేసుకోండి.)

కారణం: డౌన్‌స్వింగ్ (క్లబ్‌ని బంతి మీదకి దించే ఊపు) మొదలవగానే మణికట్టు విప్పేయడం. గాలం విసిరినట్టుంటుంది కాబట్టి దీన్ని కాస్టింగ్ అంటారు. బ్యాక్‌స్వింగ్ (క్లబ్‌ని వెనక్కి ఎత్తే ఊపు) పైకి చేరేసరికి ఎడమ చేతికీ షాఫ్ట్‌కీ మధ్య సుమారు 90 డిగ్రీల కోణం ఉంటుంది. చేతులు నడుము ఎత్తుకి దిగేదాకా అందులో చాలావరకు నిలవాలి. చేతులే ముందు పరిగెడితే నిలవదు. తుంటి, మొండెం, చేతులు, చివర్న క్లబ్: ఇదీ వరస.

పరిష్కారం: ఆ కోణాన్ని బలవంతంగా పట్టి ఉంచాలని చూడకండి. నేను అదే చేసి నెల రోజులు బంతులన్నీ కుడివైపుకే పంపాను. వరస కుదిరితే కోణం దానంతటదే నిలుస్తుంది. పాదాలు దగ్గరగా పెట్టి నిలబడండి. క్లబ్ ఇంకా వెనక్కి వెళ్తుండగానే ఎడమ కాలు టార్గెట్ వైపు ఒక అడుగు వేయండి, మడమ నేలకి ఆనాక తిరగండి. మొదట్లో తూలినట్టు ఉంటుంది, ఫర్వాలేదు. బంతి లేకుండా పదిసార్లు, తర్వాత బంతితో సగం స్పీడ్‌లో.

అడుగు సరిగ్గా పడుతున్నా చప్పుడు ముందే వస్తోందా? అయితే గ్రిప్ చూడండి. ముంజేతులు రాయిలా ఉంటే మణికట్టు కదలదు. క్లబ్ జారిపోనంత పట్టు చాలు.

స్పీడ్ పెరిగింది, దూరం పెరగలేదు అంటే తగిలే చోటు తప్పు. గంటకు ఒక మైలు స్పీడ్ పెరిగితే సుమారు రెండున్నర గజాలు కలిసొస్తాయి, కానీ అది క్లబ్ ఫేస్ (బంతిని కొట్టే ముఖం) మధ్యలో తగిలినప్పటి మాట. ఫేస్ మీద పల్చగా పౌడర్ చల్లి కొట్టండి, మచ్చ ఎక్కడ పడిందో కనిపిస్తుంది. ఫేస్ మడమ వైపే (షాఫ్ట్‌కి దగ్గరి చివర) పడుతుంటే, బంతికి కాస్త దూరంగా నిలబడి మళ్లీ చూడండి.