పాత రేంజ్‌ఫైండర్ కెమెరాను ఇంట్లో శుభ్రం చేయడం ఎలా? అద్దం జోలికి మాత్రం పోవద్దు

నా దగ్గరకు వచ్చే పాత కెమెరాల్లో వాటంతట అవి చెడినవాటికన్నా శుభ్రం చేయబోయి చెడగొట్టినవే ఎక్కువ. రేంజ్‌ఫైండర్ అంటే వ్యూఫైండరులో, అంటే కంటితో చూసే కిటికీలో, కనిపించే రెండు బొమ్మలను ఒకటిగా కలిపి ఫోకస్ కుదుర్చుకునే కెమెరా. 1966లో వచ్చిన యాషికా ఎలక్ట్రో 35 తరహా కెమెరాలను దృష్టిలో పెట్టుకొని ఇది రాస్తున్నాను.

రబ్బరు బ్లోయర్, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఇయర్‌బడ్స్, నల్ల ఊలు దారం, జపాన్ ప్రమాణానికి చేసిన స్క్రూడ్రైవర్ చాలు. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ జారి స్క్రూ తలను అరగదీస్తుంది. విప్పిన స్క్రూలను వరుస తప్పకుండా గుంతపొంగణాల పెనంలో ఒక్కొక్క గుంతలో వేసుకోవాలి. ఇంతకు మించిన పళ్లెం నాకు ఏ అంగడిలోనూ దొరకలేదు. ఫ్యాను ఆపాలి. అనంతపురంలో ఆషాఢపు గాలి వీచే రోజుల్లో పైమూత తీయనే తీయకూడదు.

వెనుక తలుపు గాడుల్లోని స్పాంజి ఈపాటికి తారులా జిగురుగా మారి ఉంటుంది. ఆల్కహాల్‌లో ముంచిన పుల్లతో దాన్ని గీకి తీసి, ఊలు దారం అతికించాలి. కొత్త స్పాంజి వేయకూడదు. అదీ కొన్నేళ్లకు అలాగే కరుగుతుంది.

రివైండ్ పిడిని, వైండింగ్ లీవరును, పక్క స్క్రూలను తీస్తే పైమూత వస్తుంది. పైన ఫ్లాష్ బిగించే హాట్ షూ ఉన్న మోడల్ అయితే దాని వైరు తెగకుండా మెల్లగా ఎత్తాలి.

ఇక అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. కంటి కిటికీ వెనుక ఏటవాలుగా నిలిచిన చిన్న గాజు పలక కనిపిస్తుంది. ముందున్న దృశ్యాన్ని తనగుండా పోనిస్తూనే, పక్క కిటికీ నుంచి వచ్చే రెండో బొమ్మను కంటివైపు మళ్లించేది అదే. దాని ఒక ముఖం మీద ఉన్న లోహపు పూత మనం వాడే కళ్లజోడు అద్దం పూతలా గట్టిది కాదు, విభూతి పూసినంత పలుచన. చాలా ఏళ్ల కిందట నేను దాని మీద ఇయర్‌బడ్‌ను ఒక్కసారి, ఒకే ఒక్కసారి లాగాను. దూదికి పసుపు అంటింది, వ్యూఫైండరు నడుమ రెండో బొమ్మ కనిపించాల్సిన మచ్చ మాయమైంది. ఆ పూత ఇంట్లో మళ్లీ పెట్టగలిగేది కాదు. కాబట్టి దానికి బ్లోయర్ గాలి తప్ప మరేదీ తగలకూడదు: ఆల్కహాల్ వద్దు, లెన్స్ ద్రావకం వద్దు, నోటితో ఊదడం అసలే వద్దు, ఎందుకంటే ఉమ్మి తుంపర పడితే తుడవాలనిపిస్తుంది. మిగతా కిటికీల గాజులను రెండు వైపులా నిశ్చింతగా తుడవవచ్చు. అప్పటికీ మచ్చ మసకగానే ఉంటే, వ్యూఫైండరు ముందు కిటికీ నడుమ నువ్వుగింజంత నల్ల టేపు ముక్క అతికిస్తే రెండో బొమ్మ తేటపడుతుంది.

చివరగా, లెన్స్‌ను అనంతం (∞) గుర్తుకు తిప్పి కనీసం కిలోమీటరు దూరంలోని నిలువు అంచును చూడాలి. కొండ పనికిరాదు, వాలు గీతలో రెండు బొమ్మలు కలిసిందీ లేనిదీ తేలదు. నేను మా మిద్దె మీద నుంచి టవర్ క్లాక్ అంచును చూస్తాను. బొమ్మలు పక్కకు తప్పి ఉంటే సవరణ స్క్రూను వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ ఫిల్మ్ ఉండే తలం నుంచి టేపుతో కొలిచిన ఒక మీటరు దూరంలోనూ సరిచూసుకోవాలి. రెండు చోట్లా కుదిరాక స్క్రూ తలపై చుక్క గోళ్ల రంగు వేసి, అది ఆరిన తరువాతే మూత బిగించాలి.