మైలోమా తిరగబెట్టాక ట్రయల్‌లో చేరుతున్నారా? ముందు ఒక నోట్‌బుక్ కొనండి

ఖమ్మం దగ్గర జెడ్పీ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మల్టిపుల్ మైలోమా, అంటే ఎముక మజ్జలో వచ్చే రక్త క్యాన్సర్, రెండోసారి తిరగబెట్టినప్పుడు హైదరాబాద్‌లో డాక్టరుగారు, "కొత్త మందు ట్రయల్ ఒకటి నడుస్తోంది, చేరతారా మాస్టారూ?" అన్నారు. బస్సు సూర్యాపేట దాటేదాకా మా ఆవిడ నోరు విప్పలేదు. తర్వాత ఒకటే మాట: "ఎలుకలు దొరకలేదా వాళ్లకి?"

ఆమె భయం ఉత్తిది కాదు. 2017లో అమెరికాలో పెంబ్రోలిజుమాబ్ అనే మందును మైలోమా మందులతో కలిపి ఇచ్చిన ట్రయల్స్‌లో మరణాలు ఎక్కువ కనబడితే అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాటిని ఆపించింది. అయితే నేను అప్పటిదాకా వాడిన బోర్టెజోమిబ్, లెనాలిడోమైడ్ కూడా ఎవరో ట్రయల్‌లో చేరబట్టే నా దాకా వచ్చాయి. రెండు మాటలూ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాను.

ట్రయల్‌లో చేరడానికి ఒప్పుకుంటున్నానని ఇచ్చే కన్సెంట్ పేపర్ మీద అక్కడికక్కడే సంతకం పెట్టకండి. ఇంటికి తెచ్చుకోండి. మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వడం వాళ్ల బాధ్యత, కాబట్టి తెలుగు కాపీ అడగడానికి మొహమాటం వద్దు. పెన్సిల్ పట్టుకుని చదవండి. ముందు ఫేజ్ ఎంతో చూడండి. మొదటి ఫేజ్‌లో ఎంత డోసు తట్టుకోగలరో చూస్తారు, రెండులో మందు పనిచేస్తోందా అని, మూడులో ఇప్పుడున్న వైద్యంతో పోలుస్తారు. నాది మూడో ఫేజ్. సగం మందికి ఇప్పటికే వాడుకలో ఉన్న పాత మందులు కార్ఫిల్జోమిబ్, డెక్సామెథాసోన్. మిగతా సగానికి వాటితో పాటు కొత్త మందు. ఎవరికి ఏదన్నది కంప్యూటర్ లాటరీ. డాక్టరు సిఫారసు అక్కడ చెల్లదు.

అందుకే ఈ ప్రశ్నలు రాసుకెళ్లండి. పాత మందు గ్రూపులో పడి జబ్బు పెరిగితే కొత్త మందు ఇస్తారా? మందు నాకు పనిచేస్తుండగా ట్రయల్ ముగిస్తే తర్వాత ఎవరిస్తారు? దారిఖర్చులు ఎవరివి? నెలకు ఎన్ని రోజులు రావాలి? ఈ ఆఖరిది మర్చిపోకండి. కార్ఫిల్జోమిబ్ నాకు 28 రోజుల్లో 1, 2, 8, 9, 15, 16 రోజుల్లో ఎక్కించాలన్నారు. అంటే మూడు ప్రయాణాలు, మూడు రాత్రులు లాడ్జి. ఈ లెక్క ముందే వేసుకోకపోతే మధ్యలో చేతులెత్తేస్తాం.

మన 2019 రూల్స్ ప్రకారం ట్రయల్‌లో ఏదైనా హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయాలి. అది ట్రయల్ వల్లే అని తేలితే నష్టపరిహారం కూడా ఇవ్వాలి. ఎప్పుడైనా బయటికి రావచ్చు, కారణం చెప్పనక్కర్లేదు. పేపర్‌లో ఎథిక్స్ కమిటీ, అంటే ట్రయల్‌లో చేరినవాళ్ల క్షేమం చూసే కమిటీ, ఫోన్ నంబరు ఉంటుంది. నేను ఊరికే ఒకసారి చేసి చూశాను, ఎత్తారు. ట్రయల్ పేరు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియాలో ఉందో లేదో మా అబ్బాయి చూశాడు. 2009 నుంచి అక్కడ నమోదు తప్పనిసరి, కాబట్టి లేకపోతే ఆలోచించాల్సిందే.

తర్వాత స్క్రీనింగ్, అంటే ట్రయల్‌కి పనికొస్తామా అని చూసే పరీక్షలు. మళ్లీ బోన్ మ్యారో (ఎముక మజ్జ), ఎకో (గుండె స్కాన్), హెపటైటిస్ పరీక్షలు. అన్నిటికన్నా ఇబ్బంది 24 గంటల యూరిన్. పొద్దున లేవగానే మొదటిది పారబోయాలి, అక్కడి నుంచి మర్నాడు పొద్దున మొదటిదానితో సహా అంతా క్యాన్‌లో పట్టాలి. ఒక్కసారి మర్చిపోయినా లెక్క తప్పుతుంది. నేను బాత్రూమ్ తలుపుకి చీటీ అంటించాను.

ఇక నా సబ్జెక్ట్. ఎం ప్రోటీన్, అంటే మైలోమా కణాలు రక్తంలోకి వదిలే ప్రోటీన్, కొంచెం పెరగ్గానే "మందు ఫెయిలయింది" అని గుండెలు బాదుకోకండి. జబ్బు పెరిగిందనడానికి అది మీ అతి తక్కువ విలువ మీద 25 శాతం పెరగాలి, ఆ పెరుగుదల డెసిలీటరు రక్తానికి కనీసం 0.5 గ్రాములూ ఉండాలి. నా అతి తక్కువ విలువ 0.6. దానిలో 25 శాతం 0.15. కానీ 0.75 వచ్చినంత మాత్రాన సరిపోదు, కనీసం 1.1 రావాలి, అదీ వరుసగా రెండు పరీక్షల్లో. ఒకసారి పండగ రద్దీలో వేరే ల్యాబ్‌లో ఇస్తే 0.9 వచ్చింది. రెండు రాత్రులు నిద్ర లేదు. పాత ల్యాబ్‌లో మళ్లీ చేయిస్తే 0.6. అప్పటి నుంచి ల్యాబ్ మార్చలేదు.

నోట్‌బుక్ వెనక అట్ట మీద ఎర్ర ఇంకుతో కొన్ని రాశాను. మోకాలి నొప్పికి డైక్లోఫెనాక్ వద్దు, మైలోమా ఉన్నవాళ్ల కిడ్నీలకు అది చేటు. దారటుముమాబ్ అనే మైలోమా మందు వాడి ఉంటే రక్తం ఎక్కించేముందు బ్లడ్ బ్యాంక్‌కి చెప్పాలి. ఆఖరి డోసు తర్వాత ఆరు నెలల దాకా, ఎక్కించే రక్తం మనకి సరిపడుతుందా అని చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్షను అది తికమక పెట్టగలదు. ఆయాసం వస్తే వయసని సరిపెట్టుకోకూడదు, కార్ఫిల్జోమిబ్ గుండెను దెబ్బతీయవచ్చు. ఆకు పసరు, పొడి, ఎవరు ఏది ఇచ్చినా ట్రయల్ నర్సుకి చెప్పకుండా నోట్లో వేయొద్దు. మా బావమరిది తెచ్చిన గ్రీన్ టీ డబ్బా అలా అటక మీదే ఉంది.

లాటరీలో నాకు పాత మందుల గ్రూపే పడింది. మా ఆవిడ వెంకన్నకి కొబ్బరికాయ కొట్టింది. నాకు మాత్రం ఒక రోజంతా మనసు బాగోలేదు. రేపు ఎనిమిదో రోజు. ఐదింటి బస్సుకి వెళ్లాలి, క్యాన్ సంచీలో సర్దేశాను. కండక్టరు అడిగితే శాంపిల్ అంటాను, ఇంకేమీ అడగడు.