ఇంగ్లీషు పరీక్షకు ముందు: కలిపే మాట, క్రియ కాలం సరిచూసుకోండి

పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు మన పిల్లలు చాలామంది ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడుతూ ఇంగ్లీషు పేపరు రాస్తారు. పేపరు ఇచ్చేముందు ఇవి చూసుకోండి.

– ‘యెస్టర్‌డే’, ‘లాస్ట్ వీక్’, ‘ఇన్ 2019’ ఉంటే ‘హ్యావ్’ రాయకండి. ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే’ తప్పు; ‘ఐ సా హిమ్ యెస్టర్‌డే’ ఒప్పు. మనకు ‘చూశాను’ ఒక్కటే రెండింటికీ సరిపోతుంది, అందుకే తేడా చెవికి తగలదు. ముందు కాలం చెప్పే మాట కింద గీత గీయండి, తర్వాతే క్రియ ఎంచుకోండి.

– 2018 నుంచి రాయగడలో ఉంటున్నారా? ‘ఐ యామ్ లివింగ్’ కాదు, ‘ఐ హ్యావ్ బీన్ లివింగ్ ఇన్ రాయగడ సిన్స్ 2018’. మొదలైన సమయానికి ‘సిన్స్’. గడిచిన వ్యవధికి ‘ఫర్’: ‘ఫర్ ఫైవ్ ఇయర్స్’.

– ‘ఆల్‌దో’తో మొదలుపెడితే మధ్యలో ‘బట్’ వద్దు, ‘బికాజ్’ ఉంటే ‘సో’ వద్దు. రెండు భాగాలకు ఒక్క ముడి చాలు.

– రేపటి షరతు చెప్పేటప్పుడు ‘ఇఫ్’ ఉన్న భాగంలో ‘విల్’ రాదు: ‘ఇఫ్ ఇట్ రెయిన్స్, వి విల్ స్టే’.

– ‘అన్‌లెస్’లోనే ‘కాకపోతే’ ఉంది. మళ్లీ ‘నాట్’ చేరిస్తే అర్థం తిరగబడుతుంది.