పాత స్పానిష్ ఇంటి గోడలకు కొత్త పూతలు వేయించే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

గత నెలలో మా స్నేహితుల పద్దెనిమిది నెలల పాపకు మామూలుగా చేసే రక్తపరీక్షలో సీసం ఎక్కువగా ఉన్నట్టు తేలింది. వారు లాస్ ఏంజిల్స్ ప్రాంతంలో 1927లో కట్టిన స్పానిష్ తరహా ఇల్లు కొనుక్కున్నారు. గృహప్రవేశానికి మూడు వారాల ముందు, సున్నపు పూత బాగా పట్టుకోవాలన్న ఉద్దేశంతో, తండ్రే స్వయంగా హాలులోని కమానునూ కిటికీ చట్రాలనూ ఉప్పు కాగితంతో రుద్దారు. పని అయ్యాక ఊడ్చారు, తుడిచారు, ఇల్లు అద్దంలా ఉందనుకున్నారు. నేను వెళ్లినప్పుడు కిటికీ తలుపు మూసుకునే గాడిలో తడి కాగితంతో ఒక్కసారి రాస్తే, పిండిలాంటి బూడిదరంగు ధూళి ఆ కాగితానికి మందంగా అంటుకుంది. పాప నిలబడి బయటకు చూసేది ఆ కిటికీ దగ్గరే, చేతులు ఆనించేది ఆ గాడి మీదే, తర్వాత నోట్లో పెట్టుకునేది ఆ వేళ్లే.

దసరాకూ దీపావళికీ ముందు ఇళ్లకు రంగులు వేయించుకునే రోజులు వస్తున్నాయి కనుక, కాలిఫోర్నియాలో ఇలాంటి ఇళ్లు కొన్న మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నిచ్చెన గట్టిగా పట్టుకోవడం, కిటికీలు తెరిచి ఉంచడం వంటివి అందరికీ తెలిసినవే. నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఒకటే: సీసం ఉండగల పాత రంగును పొడిగా గీకకండి.

శాన్ డియాగోలో 1915లో జరిగిన ప్రదర్శనతో ఈ స్పానిష్ శైలికి ఆదరణ పెరిగింది. 1925 భూకంపం తర్వాత శాంటా బార్బరా నగరాన్ని ఇదే తీరులో తిరిగి కట్టారు. కమానులు, పైకి కనిపించే దూలాలు, చేతితో అలికినట్టుండే గచ్చు గోడలు, మెరుగు పలకలు (టైల్స్) ఉన్న ఇళ్లు చాలావరకు ఆ 1920లు, 30లలో వెలిసినవే. అమెరికాలో ఇంటి రంగుల్లో సీసం వాడకాన్ని నిషేధించినది 1978లో. 1940కి ముందు కట్టిన ఇళ్లలో సుమారు 87 శాతం ఇళ్లలో సీసపు రంగు ఉంటుందని అక్కడి ప్రభుత్వ లెక్క. పైన ఎన్ని కొత్త పూతలు ఉన్నా, అడుగున ఆ పాత పొర అలాగే ఉంటుంది.

గోడ చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం ఆ పొర వల్ల పెద్ద ప్రమాదం లేదు. ప్రమాదం అలంకరణ పూతలో కాదు, దానికి గోడను సిద్ధం చేయడంలో ఉంది. సున్నపు పూత, పాలరాయిలా మెరిసే వెనీషియన్ గచ్చు, పలుచని మెరుగు రంగు వంటివి నునుపైన ప్లాస్టిక్ రంగు మీద సరిగా నిలవవు కాబట్టి, దుకాణంలో అడిగితే ముందు గోడను గరుకు చేయమంటారు. కొత్త ఇంటికి అది సరైన సలహా. వందేళ్ల ఇంటికి అదే విషం. రంగు గట్టిగా పట్టుకుని ఉన్నచోట గోడను శుభ్రంగా కడిగి, నునుపు ఉపరితలాలను పట్టుకునే ప్రైమర్‌ను (రంగుకు ముందు వేసే అడుగు పూతను), దానిపైన సున్నానికి అనువైన ఖనిజ ప్రైమర్‌ను వేస్తే, గీకవలసిన అవసరమే ఉండదు. ఈ ఒక్క విషయం ఆ తండ్రికి ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

రంగు పొరలు లేచి రాలుతున్నచోట మాత్రం గీకక తప్పదు. అప్పుడు ముందుగా గచ్చు వరకూ ఉన్న అన్ని పొరలూ వచ్చేలా నమూనా తీయించి ల్యాబులో పరీక్ష చేయించండి. పై పొరను మాత్రమే పరీక్షిస్తే అడుగున ఉన్న సీసం తెలియదు. సీసం ఉందని తేలితే, సీసపు రంగు పనికి ధ్రువీకరణ ఉన్న సంస్థకే పని అప్పగించండి. 1978కి ముందరి ఇళ్లలో, గది లోపల ఆరు చదరపు అడుగులకు మించి పాత రంగును కదిపే కాంట్రాక్టరుకు 2010 నుండి ఆ ధ్రువీకరణ తప్పనిసరి. సొంత ఇంట్లో యజమాని స్వయంగా చేసుకుంటే ఆ నిబంధన వర్తించదు. అందుకే ఎక్కువ నష్టం అక్కడే జరుగుతోంది.

మీరే చేయక తప్పని చిన్న పని అయితే, నీరు చిలకరించి, తడిగా ఉండగానే గీకండి. పొడిగా వద్దు. విద్యుత్ ప్లగ్గుల దగ్గర మాత్రం నీరు వాడకండి. ఈ ఇళ్లలో తీగలు కూడా పాతవే కావచ్చు కనుక ముందు బ్రేకరు ఆపండి. నేల మీద పని స్థలం చుట్టూ ఆరడుగుల వరకూ ప్లాస్టిక్ పరచండి. హీటరు, ఏసీ ఆపి వాటి గాలి రంధ్రాలను మూసివేయండి, లేకపోతే ఒక గదిలోని ధూళి ఇల్లంతా తిరుగుతుంది. గుడ్డ మాస్కు, ఆసుపత్రి మాస్కు దీనికి పనికిరావు. సన్నని ధూళిని ఆపే పీ100 ఫిల్టరు ఉన్న మాస్కే కావాలి. మామూలు వాక్యూమ్‌తో ఎత్తకండి, అది సన్నని ధూళిని వెనుక నుండి గాలిలోకి చిమ్ముతుంది. సన్నని ధూళిని లోపలే పట్టి ఉంచే హెపా ఫిల్టరు ఉన్న వాక్యూమే వాడండి. చీపురు పట్టకండి.

గర్భిణులనూ పిల్లలనూ ఆ ఇంట్లో ఉంచకండి. పక్క గది కూడా కాదు, వేరే ఇల్లు.

మంట చూపి రంగు ఊడదీయకండి.

ధూళి పట్టే సాధనం లేని రాపిడి యంత్రం వాడకండి. పది నిమిషాలకైనా సరే.

గది పైకప్పుకు లోపలివైపు పేలాల్లా ఉబ్బిన పూత ఉంటే ముట్టుకోకండి. అందులో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ అనే నార ఉండవచ్చు. ముందు పరీక్ష చేయించండి.

చేతితో అలికిన గచ్చును లప్పం పెట్టి నునుపు చేయకండి. తర్వాత దానికీ ఉప్పు కాగితం పట్టవలసి వస్తుంది.

పాత మెరుగు పలకలను కోయకండి, అరగదీయకండి. వాటి మెరుగులోనూ సీసం ఉండవచ్చు.

దూలాల మీది పాత చిత్రాలను తడిగుడ్డతో తుడిచే ముందు కనిపించని మూల చూసి పరీక్షించండి. కొన్ని రంగులు నీటికే కరిగిపోతాయి.

సున్నం మీకు చిన్నప్పటి నుండి తెలిసినదే అయినా కళ్లద్దాలు లేకుండా కలపకండి. కంటిలో పడితే చూపు పోగలదు. పడిన వెంటనే పదిహేను నిమిషాలకు తగ్గకుండా నీటితో కడుగుతూ ఉండి, ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్లండి.

దూలాలకు అవిసె నూనె పట్టించిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేయకండి. నిప్పు తగలకుండానే అవి వాటంతట అవే అంటుకుంటాయి. ఆరుబయట విడివిడిగా పరచి ఆరబెట్టండి, లేదా నీళ్లు నింపిన మూత గల ఇనుప డబ్బాలో వేయండి.

పని బట్టలను పాప బట్టలతో కలిపి ఉతకకండి. చెప్పులు బయటే విడవండి.

పొడిగా గీకకండి. పనివాడు "ఒక్క కిటికీయే కదా, త్వరగా అయిపోతుంది" అన్నా ఒప్పుకోకండి. మా స్నేహితుల ఇంట్లోనూ కిటికీల దగ్గరే వచ్చింది ముప్పు.

ఇప్పటికే గీకేసి ఉంటే, ఆలస్యం చేయకుండా ఇంట్లోని చిన్నపిల్లలందరికీ రక్తపరీక్ష చేయించండి. డెసీలీటరు (వంద మిల్లీలీటర్ల) రక్తంలో 3.5 మైక్రోగ్రాములు, అంతకు మించి సీసం ఉంటే అక్కడి వైద్యులు ఎక్కువగానే పరిగణిస్తారు. పిల్లలకు ఇంతవరకూ ఉన్నా ఫరవాలేదనే మోతాదు ఏదీ లేదు.

పని ముగిశాక నేల మీద, కిటికీ గాడుల్లో ధూళి నమూనాలు తీయించి ల్యాబుకు పంపండి. ఆ ఫలితం చేతికి వచ్చేంత వ్యవధి ఉండే ముహూర్తాన్నే పెట్టించుకోండి. అది బాగుందని చూసుకున్న తర్వాతే ఆ ఇంట్లో పాలు పొంగించండి.