గట్టు మీద స్పష్టం, నీళ్లలో మసక: పవర్ ఈత గాగుల్స్ సమస్య - పరిష్కారం

విజయవాడలో ఎండలు ముదిరి పిల్లలూ పెద్దలూ ఈత కొలనుల దారి పట్టగానే, పవర్ గాగుల్స్ పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లందరిదీ ఒకటే మాట: "నీళ్లలో సరిగ్గా కనిపించడం లేదండీ." వెంటనే పవర్ పెంచమంటారు, లేదంటే వేరే కంపెనీది ఇమ్మంటారు. గట్టు మీద నిలబడి ఒక్కో కన్నుతో చూశారా అని అడిగితే మాత్రం చూడలేదంటారు. అర నిమిషం పట్టే ఆ పరీక్ష వదిలేసి, వందల రూపాయలు పోసి అద్దాలు మార్చుకున్నవాళ్లను చూస్తే బాధేస్తుంది. దయచేసి ముందు అది చేయండి.

గాగుల్స్ తడపకుండా పెట్టుకోండి. ఎడమ కన్ను మీద అరచేయి అడ్డుపెట్టి దూరంగా ఉన్న బోర్డు చదవండి, తర్వాత కుడి కన్ను మూసి చదవండి. మీ కళ్లజోడుతో చదివినంత బాగా చదవగలిగారా లేదా? మిగతాదంతా ఈ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

గట్టు మీదే మసకగా ఉంటే

ఇది పవర్ సమస్య, నీళ్లకు సంబంధం లేదు. రెడీమేడ్ పవర్ గాగుల్స్‌లో సిలిండర్ (అన్ని దిక్కులా కాక ఒక దిక్కున మాత్రమే పనిచేసే అదనపు పవర్) ఉండదు. మామూలు పవర్ మాత్రమే, అదీ సాధారణంగా అర అర చొప్పున దొరుకుతుంది. మీ కళ్ల పరీక్ష చీటీలో సిలిండర్ ఉంటే అందులో సగం తీసుకుని అసలు పవర్‌కు కలపాలి. మైనస్ 3, సిలిండర్ మైనస్ 1 అయితే మైనస్ 3.5 కొనాలి. లెక్క రెండు పవర్‌ల మధ్య ఆగితే తక్కువదే తీసుకోండి. సిలిండర్ 2 దాటినవాళ్లకు ఈ సర్దుబాటు చాలదు, ప్రత్యేకంగా అద్దాలు చేయించుకోవలసిందే.

ఒక కన్ను బాగుండి రెండోది బాగా లేకపోతే కుడి ఎడమలు తారుమారయ్యాయేమో చూడండి. విడి అద్దాలు కొని ఇంట్లో బిగించుకున్నవాళ్లలో ఇది మామూలే.

పవర్ పెద్దదైతే దూరం కూడా లెక్కకు వస్తుంది. కళ్లజోడు అద్దం కంటికి సుమారు 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. స్నార్కెలింగ్ మాస్క్ (కళ్లనూ ముక్కునూ కలిపి కప్పేది) అద్దం అంతకంటే ముందుకు ఉంటుంది. అది 25 మిల్లీమీటర్ల దూరంలో ఉందనుకుంటే, కళ్లజోడులో మైనస్ 6 ఉన్నవారికి మాస్క్‌లో మైనస్ 6.5 కావాలి. ప్లస్ వాళ్లకు ఇది తిరగబడుతుంది, పవర్ తగ్గించాలి. మైనస్ 3 లోపువాళ్లు దీని గురించి ఆలోచించనక్కర్లేదు.

బొమ్మ రెండుగా కనిపిస్తే అద్దాన్ని అనుమానించే ముందు పట్టీ చూడండి. ఒక కప్పు పైకి, ఒకటి కిందికి జరిగితే అద్దాల కేంద్రాలు ఎగుడుదిగుడు అవుతాయి. మైనస్ 6 అద్దంలో 3 మిల్లీమీటర్ల తేడా వచ్చినా కళ్లు సర్దుకోలేవు.

నీళ్లలో కాసేపు బాగుండి, తర్వాత మసకబారితే

లోపల ఆవిరి పట్టింది, అంతే. పెట్టుకునే ముందు లోపలి వైపు నీళ్లతో తడిపి దులపండి. పలచన చేసిన పిల్లల షాంపూ ఒక చుక్క పూసి కడిగినా పనిచేస్తుంది. లోపల వేలితోగానీ బట్టతోగానీ రుద్దకండి, ఆవిరి పట్టనివ్వని పూత పోతుంది. కొత్త స్నార్కెలింగ్ మాస్క్‌కు గాజు అద్దం అయితే లోపల పట్టిన సన్నని జిడ్డు పొర పోయేలా తెల్ల టూత్‌పేస్టుతో ఒకసారి తోమాలి. ప్లాస్టిక్ అద్దానికీ, పూత ఉన్నదానికీ ఆ పని చేయకండి.

గట్టు మీద అద్భుతం, మునిగిన క్షణం నుంచే మసక అయితే

ఇదే మనుషులను తిప్పలు పెట్టేది. షాపులో పరీక్షిస్తే పవర్ సరిగ్గా ఉంటుంది, మెషీన్ మీద పెట్టినా సరిగ్గానే చూపిస్తుంది. అందుకే ఎవరికీ అద్దం మీద అనుమానం రాదు.

గుంటూరు నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయిని వచ్చారు, రెండు కళ్లకూ ప్లస్ 3. వేరే చోట ప్రత్యేకంగా అద్దాలు చేయించి గాగుల్స్‌లో బిగించుకున్నారు. "గోడ మీది అక్షరాలు ఆఖరి వరుస దాకా చదివానండీ. పూల్‌లోకి దిగితే అడుగున నల్ల గీత కూడా అలికేసినట్టు ఉంది. నా కళ్లకే ఏదో అయిందేమోనని భయం వేస్తోంది" అన్నారు. ఆ గాగుల్స్‌ను ట్యూబ్‌లైటు కింద పట్టుకుంటే, ముందు వైపు లైటు ప్రతిబింబం అగ్గిపుల్లంత చిన్నదిగా కనిపించింది. కారణం అక్కడే తెలిసిపోయింది: అద్దం ముందు తలం వంపుగా ఉంది.

వంపు ఉంటే ఏమవుతుందో చూడండి. కళ్లజోడు లేకుండా, గాగుల్స్ లేకుండా నీళ్లలో కళ్లు తెరిస్తే చూపు బాగున్నవారికి కూడా అంతా మసకే. కంటికున్న దాదాపు 60 డయాప్టర్ల (పవర్‌ను కొలిచే ప్రమాణం) శక్తిలో 43 దాకా కంటి ముందున్న పారదర్శక పొర వంపు నుంచే వస్తుంది. ఆ వంపుకు ముందు గాలి ఉన్నప్పుడే ఆ శక్తి. నీళ్లు తగిలితే దాదాపు అంతా పోతుంది, ఎందుకంటే ఆ పొర కాంతిని వంచే గుణం నీటికి చాలా దగ్గర. గాగుల్స్ చేసే అసలు పని కంటి ముందు గాలి నిలపడమే.

సరిగ్గా ఇదే నష్టం వంపు తిరిగిన అద్దానికీ జరుగుతుంది. మామూలు ప్లాస్టిక్ అద్దం వక్రీభవన గుణకం (కాంతిని వంచే గుణానికి కొలత) సుమారు 1.5, గాలిది 1, నీటిది 1.33. గాలిలో తేడా 0.5 ఉంటే నీళ్లలో 0.17 మాత్రమే. అంటే నీరు తగిలే తలం తన శక్తిలో మూడింట రెండు వంతులు పోగొట్టుకుంటుంది. ఆ టీచరు గారి అద్దాన్నే తీసుకోండి. ముందు ప్లస్ 6, వెనక మైనస్ 3, మొత్తం ప్లస్ 3 అనుకుందాం. నీళ్లలో ముందు తలం ప్లస్ 2కు పడిపోతుంది, మొత్తం మైనస్ 1 అవుతుంది. ప్లస్ 3 కావలసిన కంటికి మైనస్ 1 పెట్టినట్టు!

మైనస్ వాళ్లకు నష్టం ఇంత కొట్టొచ్చినట్టు కనిపించదు, అందుకే ఇంకా మోసం చేస్తుంది. ముందు ప్లస్ 2, వెనక మైనస్ 7 ఉన్న మైనస్ 5 అద్దం నీళ్లలో దాదాపు మైనస్ 6.3 అవుతుంది. ఇరవై ఏళ్ల కుర్రాడి కన్ను బలవంతంగా సర్దుకుంటుంది, దూరం స్పష్టంగానే కనిపిస్తుంది, కానీ ఈత అయ్యాక తలనొప్పి. నలభై అయిదు దాటినవారికి అలా సర్దుకునే శక్తి ఉండదు, చేతి గడియారం చదవడం కూడా కష్టం. తలనొప్పిని క్లోరిన్ మీదికి తోసి ఊరుకునేవాళ్లే ఎక్కువ.

పవర్ లేని గాగుల్స్‌కూ ఇది వర్తిస్తుంది. ముఖమంతా చుట్టుకునే వంపు అద్దం, సుమారు 12.5 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో అన్ని వైపులా వంగి ఉంటే, నీళ్లలో మైనస్ 2.7 అద్దంలా పనిచేస్తుంది. మైనస్ 2.5 ఉన్నవారు అది పెట్టుకుని "పవర్ లేకపోయినా ఎంత బాగుందో" అంటారు. అదే గాగుల్స్ చూపు బాగున్న స్నేహితుడికి ఇస్తే కళ్లు లాగేస్తాయి.

పరీక్షకు స్టీలు స్కేలు చాలు. అద్దం ముందు వైపు పైకి ఉండేలా పట్టుకుని, స్కేలు అంచును అద్దం మీద నిలబెట్టి ఆనించి, కిటికీ వెలుగుకు ఎదురుగా కంటి ఎత్తున పెట్టి చూడండి. స్కేలు కింద వెలుగు ఎక్కడా రాకపోతే తలం చదును. మధ్యలో తగులుతూ రెండు కొసల్లో సన్నని వెలుగు గీత కనిపిస్తే అది వంపు. తర్వాత స్కేలును అడ్డంగా తిప్పి మళ్లీ చూడండి, ఎందుకంటే కొన్ని ఒక వైపే వంగుతాయి. అంచు ఫ్రేము స్కేలుకు అడ్డం వస్తే ట్యూబ్‌లైటు ప్రతిబింబం చూడండి. చదును అద్దంలో గోడ అద్దంలో కనిపించినట్టే కనిపిస్తుంది, వంపు అద్దంలో కుంచించుకుపోతుంది.

పరిష్కారం ఒక్కటే: నీరు తగిలే తలం చదునుగా ఉండాలి, పవరంతా లోపలి వైపు ఉండాలి. ఆర్డరు ఇచ్చేటప్పుడు ఈ మాట నోటితో చెప్పి వదిలేయకండి, చీటీ మీద రాయించండి. స్నార్కెలింగ్ మాస్క్ ఉన్నవారికి ఇంకో దారి ఉంది. చదును గాజు మాస్క్ లోపల చిన్న ఫ్రేములో మామూలు కళ్లజోడు అద్దాలు బిగించుకోవచ్చు. వాటికి వంపు ఉన్నా ఫరవాలేదు, ఎందుకంటే రెండు వైపులా గాలే ఉంటుంది. ఈత గాగుల్స్‌లో అంత చోటు ఉండదు.

మిగతావి

అడుగున నాణెం చేతికి అందేంత దగ్గరగా, పెద్దదిగా కనిపిస్తే అది లోపం కాదు. చదును అద్దంలోంచి చూస్తే నీళ్లలో వస్తువు అసలు దూరంలో నాలుగింట మూడొంతుల దూరంలోనే ఉన్నట్టు ఉంటుంది. దానికోసం పవర్ మార్చవద్దు. వరద రోజుల్లో కృష్ణలో ఒండ్రు నీళ్లకు ఏ అద్దమూ పనికిరాదు. గాగుల్స్ కింద కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుంటామనేవారికి నా సలహా వద్దనే. నీళ్లలోని అకాంతమీబా అనే సూక్ష్మజీవి లెన్సు కింద చేరితే చూపుకే ప్రమాదం. బయటికి వచ్చాక దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తే గాగుల్స్ లోపలికి నీరు కారుతోందని అర్థం, రబ్బరు అంచు చూసుకోండి. కొద్ది గంటల్లో తగ్గకపోయినా, కన్ను ఎర్రబడి నొప్పి పెట్టినా కళ్ల డాక్టరు దగ్గరికే వెళ్లండి, ఆప్టికల్ షాపుకు కాదు.